హాట్ ప్రెస్‌లో పెట్టిన సీసాలు

పోయిన శనివారం సరుకులకని కొట్టుకు వెళ్ళినప్పుడు, బిల్లు కట్టే చోటికి పోయే దారిలో ఒక సీసా నన్ను నిలబెట్టేసింది. మేమిప్పుడు ఉంటున్నది కార్క్ పక్కన, రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీకి మా బావ కారులో పోయి వచ్చేంత దూరంలో. బావ అంటే మా మేనమామ కొడుకు, నన్ను చేసుకున్నవాడు. కూతురు ఉద్యోగానికి వచ్చినా నాకు ఆ పిలుపు మారలేదు. ఆ కూతురే డబ్లిన్ నుంచి సెలవుకు వచ్చి ఆ రోజు బండి తోస్తోంది. నేను ఆగేసరికి బండి నా మడమకు తగిలింది. సీసా మీద తెల్ల కాగితం, దాని మీద నల్ల సిరాతో గీసిన రాతి గోడ, గోడలో రెండు రెక్కల చెక్క గేటు. ఒక రెక్క మూసి ఉంది, ఒకటి తెరిచి ఉంది. ఆ గేటును నేను ఎన్ని క్రిస్మసులు చూశానో. మా అమ్మాయి చిన్న వయసులోనే ఇక్కడికొచ్చింది, తెలుగు వింటుంది గాని పలికితే సగం ఇంగ్లీషే. "అమ్మా, యూ డోంట్ ఈవెన్ డ్రింక్" అంది. "తాగకపోతే చూడగూడదా? ఎనక ఏం రాశారో చదువు" అన్నాను. నా చదువు బస్సు నంబర్ల వరకు పనికొస్తుంది, అంతే. అది సీసాను తిప్పి పట్టుకుని, "రాయి టేస్ట్ అంట అమ్మా. తడి రాయి. సారీ, హూ వాంట్స్ దట్?" అని నవ్వింది. ఇంకా ఏదో చదవబోతే చాల్లే అన్నాను.

ఈ దేశంలో ఉన్న మన తెలుగువాళ్ళలో ఒక కథ తిరుగుతోంది, మీరూ వినే ఉంటారు. ఎవరో ఆవిడ, ఇంటి ఓనరు ప్రేమగా ఇచ్చిన ఫ్రెంచి వైనంతా తీసుకుపోయి దోసెల పిండి పక్కన పెట్టి పాడుచేసిందట. ఆ కోపంతో ఆయన ఇల్లు ఖాళీ చేయించాడట. పుట్టినరోజు పార్టీల్లో ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. ఒకసారి నా ఎదురుగానే ఒకామె నాకే చెప్పింది, నేనూ నవ్వాను. ఆ ఆవిడను నేనే. కథలో సీసాలు నిజం, పిండి నిజం, ఇల్లు పోవడమూ నిజమే. వాటిని కలిపి కట్టిన ముడి మాత్రం అబద్ధం.

మేము డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్‌కు వచ్చింది అక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీని పెంచుతున్న రోజుల్లో. ఎటు చూసినా క్రేన్లే, మొగుళ్ళందరి మెళ్ళో ఫ్యాక్టరీ కార్డులే. మనుషుల్ని రమ్మన్నవాళ్ళు, వచ్చినవాళ్ళు పడుకోవడానికి చోటుందో లేదో చూసుకోలేదు. అద్దె ఇల్లు చూడటానికి పోతే గేటు నుంచి వీధి మలుపు దాకా జనం, మా ఊళ్ళో చౌకబియ్యం వచ్చిన రోజులాగా. ఒక్కొక్కరి చేతిలో ఆఫీసు కాగితాలు, పాత ఓనర్లు రాసిచ్చిన మంచిమాటలు. మేమూ అట్లాగే ఒక వరసలో నిలబడి, ఒక పాత ఇంట్లోకి వెళ్ళాం. ఇల్లు చూపిస్తున్నాయన పొడుగ్గా, ఎర్రగా, చేతులు గుమ్మడికాయలంత ఉన్న ముసలాయన. పైపుల పని చేసి మానేసినవాడు. హాలు చూపించాడు, వంటిల్లు చూపించాడు, అవన్నీ చూపించాలి కాబట్టి చూపించినట్టు చూపించాడు. మేడమీద ఒక చిన్న తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన నడుము నిటారైంది. అది హాట్ ప్రెస్. ఇక్కడ బీరువాను ప్రెస్ అంటారు. ఇది వేడి బీరువా అన్నమాట, లోపల నీళ్ళు కాగే రాగి ట్యాంకు, దాని పైన చెక్క అరలు, తడి గుడ్డలు ఆరేసుకోవడానికి. ఆ ట్యాంకు తన చేత్తో బిగించాడట. తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. నేను చెయ్యి లోపల పెట్టాను. మా ఊరి ఎండ పొడలాగా ఉంది. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి నా దోసెల పిండి ఒక్కసారి పొంగలేదు. చలికి ముడుచుకుని గిన్నె అడుగునే పడుకునేది.

"బావా, ఇందులో పిండి పులుస్తది" అన్నాను.

ముసలాయన ఏమంటోందని అడిగాడు. బావ కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయన గట్టిగా నవ్వి, ఇంత మంది ఇల్లు చూశారు, నా హాట్ ప్రెస్‌లో చెయ్యి పెట్టింది ఈమె ఒక్కతే అన్నాడు. "ఏది వెచ్చగా భద్రంగా ఉండాలనుకుంటే అది ఇందులో పెట్టుకోమను" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాన్ని నేను అక్షరాలా పాటించాను. వరసలో మాకంటే మంచి కాగితాలున్నవాళ్ళను వదిలి ఇల్లు మాకిచ్చాడు.

ఆయనకు భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఫ్రాన్సులో ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఒక వేసవి ద్రాక్ష కోతకు కూలికని పోయి, ఆ తోట వాళ్ళ పెద్దబ్బాయిని చేసుకుని అక్కడే ఉండిపోయిందట. ఆ తోటవాళ్ళ సంగతి ఆయన చెప్తుంటే నాకు మన వాళ్ళ గురించి విన్నట్టే ఉండేది. ఒకే ఇల్లు, మామగారు, అత్తగారు, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు. అందరూ ఆ తోట పనే చేస్తారు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని అత్తగారే సీసాలకు కాగితాలు అంటిస్తుంది. ఫోనులో బొమ్మలు చూపించాడు. తోటంటే పచ్చగా ఉంటుందనుకున్నాను, అక్కడ మట్టే కనపడలేదు. తెల్లటి రాళ్ళు, ఆ రాళ్ళ సందుల్లోంచి మెలికలు తిరిగి లేచిన తీగలు. ఇదేం పంట, రాళ్ళు పిండి తీస్తారా ఏంది అని నేనంటే బావ అది ఇంగ్లీషులో చెప్పకుండా మింగేశాడు.

మొదటి క్రిస్మసుకు ముసలాయన ఆ వైను సీసా ఒకటి సంకలో పెట్టుకుని వచ్చాడు. వచ్చి, తనే మూడు గ్లాసులు వెతుక్కుని, మెలికల కమ్మితో బిరడా లాగి పోశాడు. ఇక్కడ చిక్కొచ్చింది. మా మేనమామను సారా తీసుకుపోయింది. ఆయన పాడె లేవకముందే మా అత్త బావ చేతిని తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. బావ ఆ ఒట్టు ఫ్యాక్టరీ పార్టీల్లో కూడా తప్పలేదు, నారింజ రసం తాగి వచ్చేవాడు. కానీ ఇంటికొచ్చి పోసిన పెద్దమనిషి గ్లాసు ఎవరూ ముట్టకపోతే ఎట్లా? బావ నా వైపు చూసి, నవ్వు మొహం చెదరకుండా, "నువ్వు నాలిక్కి తగిలిచ్చు, ఆయన మనసు కష్టపెట్టమాక" అన్నాడు. నేను గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

ఆ వాసనకు నేను ఇక్కడ లేను. మాది మార్కాపురం దగ్గర పల్లె. దేశంలో పిల్లలు దిద్దుకున్న పలకలు మా దగ్గర రాతిని కోసి చేసినవే. మా నాన్న రాయి కోసేవాడు, నేను మూడో తరగతి దాటకుండానే బడి మాని పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి పోయాను. వెయ్యి మంది పిల్లల అక్షరాలు నా చేతుల మీదుగా పోయాయి, నా అక్షరాలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. దానికి నేను పెద్దగా ఏడ్చిందీ లేదు. కోత యంత్రం మీద నీళ్ళు పోసినప్పుడు రాయి ఒక వాసన వేసేది, వాన మొదటి చినుకు వాసన లాంటిది కాదు, దానికంటే చల్లగా, పదునుగా. బడిలో ఉమ్మి పెట్టి పలక తుడిచినప్పుడు అదే వాసన ముక్కుకు దగ్గరగా వచ్చేది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు బలపాలు తినాలని పిచ్చెత్తినట్టయ్యి, బావ చూడకుండా ఒక డబ్బా ఖాళీ చేశాను. ఆ గ్లాసులో ఉన్నది అదంతా. నాలిక్కి తగిలిస్తే నిమ్మకాయ పులుపు కాస్త, ఆ వెనకాల పలక. పరాయి దేశంలో, పండగ పూట, గాజు గ్లాసులో మా నాన్న పని చేసే చోటు.

"పలక" అన్నాను.

బావ అది ఏమిటో వివరించేసరికి ముసలాయన కుర్చీలోంచి లేచాడు. అక్కడికక్కడే కూతురికి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, మా ఇంట్లో ఉన్నామె మీ వైను తాగి రాయి అంటోంది, ఎవరూ చెప్పకుండానే అంటోంది అని అరిచాడు. అవతల కూతురు నవ్వింది. వెనకనుంచి ఎవరో పెద్దామె ఫ్రెంచిలో ఏదో అంది. అత్తగారట, ఆమెను ఇక్కడికి పంపించు, మా కోడలి కంటే నయం అందట. అందరం నవ్వాం. ఆ నవ్వుకు ఫలితం ఏమిటంటే, నాకు వైనంటే ప్రాణమని ముసలాయన మనసులో రాసుకున్నాడు. మరుసటి ఏటి నుంచి ఒకటి కాదు, రెండు సీసాలు. నాకోసమని ప్రత్యేకంగా. ఒకసారి మనవరాలు పుట్టిన ఏడు తీసిన వైనని, దాన్ని బిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. ఎట్లా చెప్పేది, నాకు కావలసింది వాసనే, అది ఒక్కసారి చూశాను చాలని?

తాగం, పారబోయం, ఇంకొకరికి ఇవ్వం. ప్రేమతో ఇచ్చింది ఇంకో గుమ్మం దాటించకూడదని మా అమ్మ చెప్పేది. బావ ఆఫీసులో ఎవరో, వైను పాతబడేకొద్దీ మంచిదని చెప్పారట. అది నాకు వెంటనే ఎక్కింది. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం, మన ఇళ్ళలో పాతదే కదా మందుకైనా విందుకైనా. మరి దాచేది ఎక్కడ? వెనక షెడ్డులో పెడితే చలికి గాజు పగులుతుందని భయం. ఇంట్లో చెడిపోకూడనివన్నీ ఉండే చోటు ఒకటుంది. నెయ్యి పేరుకోకుండా అక్కడ, ఆవకాయ జాడీ అక్కడ, మొలకల గుడ్డ అక్కడ, దోసెల పిండి అక్కడ. ఒక పాత నేత చీర చింపి ఒక్కో సీసాకు చుట్టి, హాట్ ప్రెస్‌లో పై అరలో నిలబెట్టాను. ఎవరైనా చూస్తే అదో చిన్న దేవుడి గది అనుకోవాలి. కొన్నాళ్ళకు కొన్నిటి బిరడాలు పైకి ఉబ్బి, చీరగుడ్డకు జిగురు మరక అంటింది. ఊరగాయ జాడీ మూతకు నూనె తేలితే ముక్క బాగా ఊరిందని లెక్క. ఇవీ ఊరుతున్నాయనుకుని సంతోషించి, గుడ్డ మార్చాను.

వాటిని ఎప్పుడు తీయాలో కూడా అనుకున్నాం. ముసలాయన ఒకసారి మా వంటింట్లో పులిహోర తింటూ అన్నాడు: "ఈ ఇల్లు అమ్మే రోజు వస్తే ముందు మిమ్మల్నే అడుగుతాను. మీరు మాకు ఫ్యామిలీ." ఆ సంతోషంలో బావ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఇల్లు మనదైన రోజు ఆయనను, ఆయన కూతుర్ని, అల్లుణ్ణి పిలిచి ఆ సీసాలన్నీ వాళ్ళకే పోద్దాం, మనం బూరెలు చేసుకుందాం అనుకున్నాం. ఇక ఆ మాట మీద మేము కాపురం కట్టుకున్నాం. చూరు గట్టర్లలో పడ్డ ఆకులు బావ తీసేవాడు. ఇంటి ముందు కంచె బావ వేశాడు. ముసలాయనకు మోకాలు ఆపరేషన్ అయితే ఆస్పత్రికి తీసుకుపోయింది బావ, వచ్చాక ఆయన లేచి తిరిగే దాకా అన్నం మోసింది నేను. రసం అలవాటై, కప్పులో పోసుకుని టీ తాగినట్టు తాగేవాడు. బావతో చేరినవాళ్ళు ఊరికి దూరంగా కొత్త ఇళ్ళు కొనుక్కుని పోయారు. బావకు వేరే ఫ్యాక్టరీ పిలుపు వస్తే, ఇల్లు మాట ఉంది గదా అని వద్దన్నాడు.

ఎదురు వరసలో కరీంనగర్ వాళ్ళుండేవాళ్ళు. ఆమె నోరు కత్తెర. ఒకరోజు మా ఇంట్లో చాయ్ తాగుతూ, "ఏందక్కా, గా ముసలాయన మాట మీద గిట్లనే కూసుంటరా?" అంది.

"ఆయన అట్టాంటోడు గాదమ్మా. ఇంట్లో మనిషి అన్నాడు మమ్మల్ని."

"అంటడక్కా. గట్టర్లు సాఫ్ జేసి అన్నం వెట్టెటోల్లని ఎవ్వలైన అంటరు. ఇంట్లమనిషి అని కాయితం మీద రాసిచ్చిండా?"

నాకు కోపమొచ్చి ఆమెకు రెండో కప్పు పోయలేదు. ఆమె మాట నిజమయ్యాక కూడా ఆ కోపం పోలేదు, అదేమిటో.

ఒక ఏడు క్రిస్మసుకు ముసలాయన వచ్చాడు గాని చేతిలో సీసా లేదు. ఫ్రాన్సులో చిగురు మీద మంచు పడి తోట మాడిపోయిందన్నాడు. ఆ తర్వాత కూతురి మామగారు పోయారు. ఆయన పోగానే అన్నదమ్ములు విడిపోయారు. అది కూడా మన కథే, దేశం మారితే మనుషులు మారతారా? చిన్నవాడు నా భాగం నాకు పడేయమన్నాడు, పెద్దవాడి దగ్గర పడేయడానికేం లేదు. ఏదో పెద్ద కంపెనీ వచ్చి రాళ్ళ కొండ, నేలమాళిగ, అందులోని సరుకు, ఆఖరికి ఆ గేటు బొమ్మ, ఇంటిపేరు కూడా కొనేసుకుంది. ఇంటిపేరు అమ్ముకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

వసంతం వచ్చాక ఒక మధ్యాహ్నం ముసలాయన వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. టీ పెట్టబోతే వద్దన్నాడు. ఈ దేశంలో మనిషి టీ వద్దన్నాడంటే ఏదో చెడ్డ కబురే. కూతురు, అల్లుడు, పిల్లలు తిరిగి వచ్చేస్తున్నారని, వాళ్ళకు తలదాచుకోను ఈ ఇల్లు కావాలని చెప్పాడు. పద్ధతి ప్రకారం ఖాళీ చేయమన్న ఉత్తరం పోస్టులో వేసే వచ్చాడట, అది చేరేలోపు నోటితో చెప్పడం మర్యాదని వచ్చాడట. తల పైకెత్తకుండా, బల్ల మీద చెక్క గీతను గోటితో గీస్తూ, "ఏం చేస్తాం, ఫ్యామిలీ కదా" అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నామో ఆయనకు గుర్తు లేదు. బావ మాత్రం నా వైపు చూశాడు. చూసి, "అట్నేలెండి, మీ బిడ్డ గదా" అని తెలుగులో అని, మళ్ళీ సర్దుకుని ఇంగ్లీషులో అన్నాడు.

పోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి ముసలాయన ఇంకో సంగతి అడిగాడు. తను దాచుకున్నవి ఎప్పుడో తాగేశాడట. అల్లుడి దగ్గర ఒక్క సీసా మిగల్లేదు, నేలమాళిగ తాళాలు కంపెనీ చేతిలో. వాళ్ళ నాన్న చేత్తో తీసిన వైను ఒక్కటైనా ఉంటే ఆ పిల్లవాడి చేతిలో పెడదామని తిరుగుతున్నాడు. "మీరు ఎప్పుడో అవగొట్టి ఉంటారు. ఒక్కటి, ఒక్కటన్నా మిగిలిందేమో, మనవరాలు పుట్టిన ఏటిది" అన్నాడు.

నాకు అంత బాధలోనూ పొంగు వచ్చింది. ఇల్లు పోతున్న మనిషికి సంతోషం ఏమిటంటే ఏం చెప్పను. ఇన్నేళ్ళు దాచినదానికి అడిగినవాడు దొరికాడు. మెట్లెక్కి పరిగెత్తాను. రెండు విడతలుగా మోసుకొచ్చి, చీరగుడ్డలు విప్పి, బల్ల నిండా నిలబెట్టాను. "అన్నీ ఉన్నాయి. ఒక్కటీ ముట్టలా" అన్నాను. ముసలాయన మొహం చూడాలి ఆ క్షణాన. నోరు తెరుచుకునే ఉంది, కళ్ళల్లో నీళ్ళు. మనవరాలి ఏటి సీసా గుర్తుపట్టి చేత్తో తీసుకున్నాడు. తీసుకున్న చెయ్యి ఆగిపోయింది. సీసా వెచ్చగా ఉంది.

ఎక్కడ పెట్టారు వీటిని అని అడిగాడు, మెల్లగా. హాట్ ప్రెస్ అన్నాను. నాకింకా అర్థం కాలేదు, గర్వంగానే అన్నాను. ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు, దానికే మెలికల కమ్మి ఉంది. బిరడా సగం తనంతట తనే వచ్చేసింది. గ్లాసులో పోస్తే, నీళ్ళలా తేటగా ఉండాల్సింది తేనీరు రంగు. మాగిపోయి కింద పడ్డ రేగుపళ్ళ వాసన, మాడిన బెల్లం వాసన. ఇంకోటి తీశాడు. ఇంకోటి. నేను చూపుడువేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. పలక లేదు. ఎంత వెతికినా లేదు.

"గ్రాండ్" అన్నాడు ముసలాయన. "మీకెలా తెలుస్తుంది, గ్రాండ్, గ్రాండ్." బాగుంది, పర్లేదు అనడానికి ఈ దేశంలో ఆ మాట అన్నిటికీ వాడతారు. వాన రాకపోయినా గ్రాండే, మనిషి పోయినా గ్రాండే. ఒక్కో సీసా సింకులో వంపుతూ నిలబడ్డాడు. జీవితమంతా నీళ్ళు ఎటు పోవాలో పైపులు వేసిన మనిషి, అది పోతుంటే గుడ్లప్పగించి చూశాడు. తర్వాత మేడమీదికి వెళ్ళాడు. నేను వెనకాలే పోయాను. హాట్ ప్రెస్ తలుపు తీసి, తను బిగించిన ట్యాంకు మీద చెయ్యి వేశాడు. పై అరలో నా పిండి గిన్నె మూతను తోసుకుని పొంగి ఉంది. "ఏదైనా ఇందులో పెట్టుకోమన్నది నేనే కదా" అన్నాడు, నాతో కాదు, ట్యాంకుతో. మనవరాలి ఏటి సీసా సగం ఒంపినదాన్ని, కాగితం బాగుందని, అట్లాగే చంకలో పెట్టుకుని పోయాడు.

ఆయన పోయాక బావ చాలాసేపు సింకు కడుగుతూ నిలబడ్డాడు. "అయి బాగుంటే మాత్రం ఇల్లిచ్చేవాడా ఏంది" అన్నాడు. ఇచ్చేవాడు కాదు. ఉత్తరం అప్పటికే పోస్టులో వేసి వచ్చాడు గదా. నాది తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. కానీ కరీంనగర్ ఆమెకు ఈ సంగతి చెప్పుకుని ఏడ్చాను. ఆమె ఇంకొకరికి నవ్వుతూ చెప్పింది. చేతులు మారేసరికి ఉత్తరం ముందే వేశాడన్న సంగతి జారిపోయింది, సీసాలు మిగిలాయి. ఇల్లు పోయిన కథ కంటే వైను ఉడికిన కథ తియ్యగా ఉంటుంది, వినేవాళ్ళకు.

లీక్స్‌లిప్ చుట్టుపక్కల ఇల్లు దొరకలేదు. మళ్ళీ గేట్ల ముందు వరసలు, ఈసారి మాకు హాట్ ప్రెస్‌లో చెయ్యి పెట్టే ఉత్సాహం లేదు. వద్దన్న పిలుపులు మళ్ళీ రావు. చివరికి కార్క్‌లో మందుల ఫ్యాక్టరీ పని దొరికి ఇటు వచ్చాం. మా అమ్మాయికి బడి ఆఖరి ఏడు. స్నేహితుల్ని వదిలి, "దిస్ ఈజ్ నాట్ ఫెయిర్" అని కారు వెనక సీటులో దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. అద్దంలో బావ దాన్ని చూడటం, రోడ్డును చూడటం, దాన్ని చూడటం. కంచె వేసిన సుత్తి మాత్రం డిక్కీలో గలగలమంటూ వచ్చింది.

అంతటితో అయిపోతే నేను మర్చిపోయేదాన్ని. కూతురికి ఇల్లు కావాలంటే ఇవ్వననే తండ్రి ఉంటాడా? ఏడాది తిరిగాక కరీంనగర్ ఆమె ఫోనుకు ఒక ఫోటో పంపింది. మా ఇంటి ముందు, బావ వేసిన కంచెకు కట్టి, అమ్మకానికి అని బోర్డు. అల్లుడికి గాల్వేలో పనేదో దొరికి వాళ్ళు పోయారట. కింద మాట రికార్డు చేసి పంపింది: "అక్కా, మిమ్ముల ముందుగాల అడుగుతనన్నడు గద, అడిగిండా?" ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

బావ నా ముందే ముసలాయనకు ఫోను చేశాడు. ఆయన ఎంతో సంతోషంగా మాట్లాడాడు. మోకాలు బాగుందన్నాడు, రసం గుర్తొస్తుందన్నాడు. ఇల్లు సంగతి అడిగితే, అంతా ఏజెంటు చూసుకుంటున్నాడు, తను మధ్యలో లేనన్నాడు. మీరు అక్కడ స్థిరపడ్డారనుకున్నాను, "యూ ఆర్ గ్రాండ్ బిలో ఇన్ కార్క్, ఆర్ యూ నాట్?" అన్నాడు. బావ "గ్రాండ్" అన్నాడు. ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని, వానలో అట్లా నడుచుకుంటూ పోయాడు. బావ నోట ఆ ఇల్లు మాట మళ్ళీ రాలేదు.

శనివారం నాడు కొట్లో, నేను చాల్లే అన్నా మా అమ్మాయి సీసాను బండిలో పెట్టేసింది. దానికి ఈ కథ కొంత తెలుసు, కొంత వెనక సీటులోంచి చూసింది. ఇంటికొచ్చాక వంటింట్లో అది బిరడా తీస్తుంటే బావ పేపరు తీసుకుని లేచి లోపలికి పోయాడు. సీసా చల్లగా ఉంది, ఈ వంటింట్లో హాట్ ప్రెస్ లేదు. అది పోసేలోపు, కొట్లో ఆపించిన మిగతా రాత చదవమన్నాను. "ఫ్రమ్ అ ఫ్యామిలీ-రన్ ఎస్టేట్... లైక్, ఫ్యామిలీ వాళ్ళే చేస్తారంట, ఫర్ జెనరేషన్స్" అని చదివి, నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియక నా వైపు చూసింది. పేరు అమ్మినవాడు గాల్వేలో ఉన్నాడు, కాగితాలంటించిన అత్తగారు ఉన్నారో లేరో. కాగితం మీద మాత్రం కుటుంబం అందరూ ఆ గేటు లోపలే ఉన్నారు.

వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. లేకపోతే బాగుండుననుకున్నాను, చెప్పొద్దూ. ఉంది. నిమ్మ పులుపు, ఆ వెనక తడి పలక, మా నాన్న కోసిన రాయంత చల్లగా. కొండకు తన మీద ఎవరి పేరుందో పట్టదు, ఎవరు పిండుకున్నా అదే ఇస్తుంది. "సో? ఈజ్ ఇట్ ద సేమ్?" అని అడిగింది మా అమ్మాయి. అదే అన్నాను. అది ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "చాక్‌పీస్ నాకినట్టుంది అమ్మా" అని మొదటిసారి నిండుగా తెలుగులో అంది.

దోసెల పిండికి ఒక పూట చాలు, ఆవకాయకు ఏడాది కావాలి, ఆ రాళ్ళ రసానికి చీకటీ చలీ ఇచ్చి ఎన్నేళ్ళయినా వదిలేయొచ్చని తర్వాత తెలిసింది. మనిషి మాట ఎన్నాళ్ళు నిలవుంటుందో, వెచ్చగా దాచాలో చల్లగా దాచాలో, ఇంత కాలం గడిచినా నాకు తెలియలేదు.